గొంతు చీటీల పెట్టె

నా తర్వాత ఈ పనికి ఎవరు వస్తారో నాకు తెలియదు. ఎవరు వచ్చినా, కిటికీ పక్కన ఇనుప ర్యాకులో కింది అరలో ఒక చెప్పుల డబ్బా కనబడుతుంది. మూత మీద 'గొంతు' అని నా చేతిరాత ఉంటుంది. లోపల వరసగా చీటీలుంటాయి. ప్రతి చీటీ కింద సార్ పెట్టిన ఎర్ర సిరా టిక్కు ఉంటుంది. చివరి చీటీకి మాత్రం ఉండదు. పొరపాటనుకుని దాన్ని తీసేయకండి. అది అట్లా ఎందుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నోటితో చెప్పగలిగే మనిషినైతే పని అప్పజెప్పే రోజునే పది నిమిషాల్లో చెప్పేదాన్ని. నాకు రాయడమే తేలిక.

ముందే ఒప్పుకుంటున్నాను. ఈ ఉద్యోగంలో నేను ఒక మనిషి గొంతును నా చేత్తో చెరిపేశాను.

మా ఆఫీసు సిద్దిపేటలో ఒక పిండిగిర్ని మీది మేడ. రెండు గదులు. కింద గిర్ని ఆడుతున్నంతసేపు పైన బల్లలు వణుకుతాయి, చాయ్ గ్లాసులో అలలు లేస్తాయి. నేను ఇంటర్వ్యూకు వచ్చిన రోజున సార్ ఏం అడిగారో నాకు వినబడలేదు, నేనేం చెప్పానో ఆయనకు వినబడలేదు. అట్లా ఉద్యోగం వచ్చింది. సార్ డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. చుట్టుపక్కల ఊళ్ళల్లో జనం మాట్లాడే మాటలు ఏరి, అర్థాలతో ఒక నిఘంటువు చేయాలన్నది ఆయన పట్టుదల. ఆయన కాక ఇద్దరమే. మాటలు తెచ్చి చీటీలు రాసేదాన్ని నేను. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేది ఆపా, అంటే ఉర్దూలో అక్క. నాకంటే పదేళ్ళు పెద్దది, ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో మా అందరికంటే మంచి తెలుగు.

పని పద్ధతి ఇది. ఊరికి పోవాలి. పెద్దవాళ్ళను మాట్లాడించి, అరచేతిలో పట్టే రికార్డరులో నింపుకుని రావాలి. ఆఫీసులో కూర్చుని వింటూ ఒక్కో మాటకు ఒక్కో చీటీ రాయాలి: మాట, అర్థం, చెప్పినవారి నోటి నుంచి వచ్చిన ఒక వాక్యం, ఊరు, వయసు. సార్ చూసి టిక్కు పెడతారు. ఆ తర్వాత రికార్డరు ఖాళీ చేయాలి.

"చీటీ ఎక్కిన మాట చావది. ఇగ రికార్డరు ఖాళీ చెయ్యి బిడ్డా," అనేవారు సార్.

అది ఆయనకు క్యాసెట్ల కాలం నుంచి వచ్చిన అలవాటు. అప్పట్లో నాలుగే క్యాసెట్లు పెట్టుకుని తాలూకా అంతా తిరిగారట. ఒక ఊరి మీద ఇంకో ఊరు రికార్డు చేయడమే. ఇప్పుడు మా రికార్డరు కూడా పాతదే, కొంచెంలోనే నిండిపోయేది. ఫోన్లో రికార్డు చేస్తే జనం బెదురుతారని సార్ వద్దన్నారు. ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాచుకుంటే సరిపోతుందని నాకు మొదటి నెలలోనే తోచింది. చెప్పాలని రెండుసార్లు సార్ బల్ల దాకా పోయాను. రెండుసార్లూ "ఏంది బిడ్డా?" అన్నారు. రెండుసార్లూ "ఏం లేదు సార్" అని వెనక్కి వచ్చాను. డైరీలో మాత్రం రాసుకున్నాను, 'పెన్‌డ్రైవ్ సంగతి చెప్పాలి' అని. డైరీలో రాసుకుంటే చెప్పినట్టే అనుకునే జబ్బు నాకుంది.

ఆ ఎండాకాలం మాకు 'గొంతు' వంతు వచ్చింది. ఒంటి భాగాల మాటలు ఏరుతూ తల నుంచి కిందికి దిగుతున్నాం, జుట్టు, నుదురు, ముక్కు అయిపోయాయి. సార్‌కు గొంతంటే ప్రత్యేకమైన ఇష్టం. మాట పుట్టే చోటుకే ఇన్ని మాటలుండటం ఆయనకు పండగలా ఉండేది. గొంతు, గొంతుక మనవి. కంఠం సంస్కృతం, అది వట్టిగా రాలేదు, వెంట కంఠస్థాన్నీ కంఠశోషనూ ముక్తకంఠాన్నీ తెచ్చుకుంది. గళమంటే మింగేది. ఆపా ఇంట్లో వాడే 'గలా' కూడా అదే. అంగీ మెడ పట్టుకుని కొట్లాడుకునేటప్పుడు మనం అనే 'గల్ల' ఆ ఇంటిదేనని సార్ అంటే, ఆపా నవ్వి, "అంటే మీరు కొట్లాడుకునేతందుకు మా దగ్గరికెళ్ళి మాట తీస్కపోయిన్రన్నట్టు," అంది.

గుటక, గుక్క, గురక. వీటిని ఎవరూ ఎక్కడి నుంచీ తేలేదు, గొంతు చేసే చప్పుడే పేరై కూర్చుంది. నేను ఇంట్లో చదువుకున్న ఒక పుస్తకంలో ఉన్న సంగతి ఒకటి చీటీ వెనక పెన్సిలుతో రాసి సార్ బల్ల మీద పెట్టాను, చెప్పడానికి మొహమాటపడి. డాక్టర్లు ఉప్పునీళ్ళతో చేయమనే గార్గిల్, కొండల మధ్య ఇరుకు లోయకు ఇంగ్లీషులో వాడే గార్జ్, పాత చర్చీల చూరుకు వాననీళ్ళు ఉమ్మే రాతి బొమ్మలకు వాళ్ళు పెట్టుకున్న గార్గాయిల్ అనే పేరు, ఈ మూడూ గొంతు దగ్గరికే పోతాయట. సార్ అది చదివి కిటికీలోంచి మా మేడ చూరు గొట్టం వైపు చాలాసేపు చూశారు. ఆ రోజు నుంచి దాని పేరు గార్గాయిల్. వాన వస్తే, "గార్గాయిల్ గుక్క తిప్పుకుంట లేదు చూడు," అనేవారు. నేను ఈ ఆఫీసుకు ఇచ్చిన మాట అదొక్కటే.

ఒకసారి 'గొంతెమ్మ కోరిక' కూడా ఈ డబ్బాలో వేశాను. సార్ ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి పిలిచారు. "గొంతెమ్మ అంటే కుంతమ్మ బిడ్డా. ఆమెను తెచ్చి గొంతుల ఇరికిచ్చినవు. ఊపిరాడక సస్తది, బయటికి తియ్యి."

గొంతు గురించి ఎవరు బాగా చెబుతారని అడిగితే మా ఊరి బస్సు కండక్టరు ఒకే మాట అన్నాడు: "ప్రజ్ఞాపూర్ చౌరస్తకు పో. మైకు తాతను అడుగు."

మైకు తాత దగ్గర మైకు లేదు. జీపులకూ ఆటోలకూ మనుషులను పిలిచి ఎక్కించడం ఆయన పని. ముప్పై ఏళ్ళుగా అదే చౌరస్తా, అదే చాయ్ డబ్బా కొట్టు ముందు, అదే కరెంటు స్తంభం పక్కన. హైదరాబాద్ బస్సు దిగిన మనిషి బ్యాగు భుజాన వేసుకునే లోపలే ఏ ఊరికి పోతాడో తాతకు తెలిసిపోయేది. నేను మొదటిసారి పోయేసరికి జగదేవ్‌పూర్ జీపు నిండుతోంది.

"జగ్దేపూర్, జగ్దేపూర్, జగ్దేపూ... ఒక్కలకు జాగున్నది, ఒక్కలకే!"

చూపుడు వేలు ఆకాశంలోకి లేచింది. జీపు వెనక ఇద్దరు వేలాడుతున్నారు. లోపల గంపతో కూర్చున్న ఒకామె తల బయటికి పెట్టి, "ఒక్కలకు జాగెక్కడున్నది తాతా? నీ నెత్తి మీదనా?" అంది.

"నా గొంతుల కూసో అవ్వా. గాలి మంచిగొస్తది."

జీపంతా నవ్వింది. నిజంగానే ఇంకొకరు ఎక్కారు.

జీపు పోయాక దగ్గరికి పోయి నేనెవరో, ఏం పని మీద వచ్చానో చెప్పాను. ఆయన నా నోటి వైపు వంగి విన్నాడు.

"ఏమంటున్నవు బిడ్డా? నాతోని మాట్లాడుతున్నవా, నీ చెప్పులతోని మాట్లాడుతున్నవా?"

మళ్ళీ చెప్పాను.

"గిప్పుడు చెప్పులకు ఇనవడ్డది. ఇంక జరంత పైకి రా."

మూడోసారికి ఆయనకు అర్థమైంది, లేదా జాలి కలిగింది. చాయ్ డబ్బా వెనక బల్ల మీద కూర్చోబెట్టాడు. అట్లా వరసగా మూడు మంగళవారాలు పోయాను. జీపుకు జీపుకు మధ్య దొరికే ఖాళీలో మాట్లాడేవాడు.

"పొద్దుగాల గొంతు గూసుంటది. దాన్ని బెదిరియ్యొద్దు, సంటిపిల్లను లేపినట్టు లేపాలె. ఒక్క గుక్కెడు గరం చాయ్ పొయ్యాలె. పగటాల్లకు ఎండుతది, గుటక మింగితే గరుకు తగుల్తది. మాపటాల్లకు రాస్తది. ఇగ అప్పుడు ఒర్రొద్దు, సైగ చెయ్యాలె. తిన్నంక కుత్కెల దాంక నిండితె కూత లేవది, గందుకే నేను పనిల ఉన్నప్పుడు సగమే తింట. పిలుపంటే నోట్ల నుంచి వచ్చేది కాదు బిడ్డా, బొడ్డుకాడికెళ్ళి రావాలె. గొంతు ఉత్తగ తొవ్వ ఇయ్యాలె, అంతే."

ఆయన మాటలో అప్పటికే ఒక బొంగురు ఉంది. ఆ పనికి అది సహజమే అనుకున్నాను. నాకైతే అది ఇష్టంగా కూడా ఉండేది, బాగా కాగిన బెల్లం పాకంలా. ఒకసారి ఆయనే అన్నాడు, మిరియాలు నములుతూ, "ఆర్నెల్ల సంది గొంతు రాసింది బిడ్డా, ఏం జేసినా పోతలేదు."

నేను రికార్డరు వైపు చూశాను, ఎర్ర లైటు వెలుగుతోందా లేదా అని. వెలుగుతోంది. గొంతు బొంగురుపోవడాన్ని చెప్పే 'రాయడం' అన్న మాటకు ఇంత చక్కటి వాక్యం దొరికిందని సంబరపడ్డాను. ఆ సంబరాన్ని అదే రోజు తిరుగు బస్సులో డైరీలో రాసుకున్నాను కూడా. ఇప్పుడు ఆ పేజీ తెరవడానికి సిగ్గవుతుంది.

చీటీలు రాశాను. సార్ మురిసిపోతూ టిక్కులు పెట్టారు. రికార్డరు ఖాళీ చేశాను. 'అన్నీ తొలగించాలా?' అని అది అడిగింది. అవును నొక్కాను. మరుసటి వారం జగదేవ్‌పూర్ దిక్కు గొర్రెలు కాసేవాళ్ళ దగ్గరికి పోవాల్సి ఉంది, జాగ కావాలి.

వారం తర్వాత ఆపా ఆ చీటీలు కొడుతూ ఆగిపోయింది. ఒక చీటీని రెండు వేళ్ళతో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, గిది చదివినవా?"

"నేనే రాసిన ఆపా."

"రాసినవు. చదివినవా? ఆర్నెల్ల సంది గొంతు రాసిందంటున్నడు గా ముసలాయన. మా మామకు గిట్లనే ఉండె. మూడు నెలలు మిరియాలు నమిలిండు. దవాఖానకు పోయిండా, లేదా, ఎవలన్న అడిగిన్రా?"

ఎవరమూ అడగలేదు. మాట దొరికిందని సార్, వాక్యం దొరికిందని నేను. మా ఇద్దరి తర్వాత చదివిన మనిషికి అందులో రోగం కనబడింది.

"ఫోన్ చేసి చెప్పు," అంది ఆపా.

ఫోనంటే నాకు భయం. ఎవరికైనా చేయాలంటే మొదటి రెండు మాటలు కాగితం మీద రాసుకుంటాను. మూడు రోజులు వాయిదా వేశాను. నాలుగో రోజు ఆపా నా ముందే కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చుంది. చాయ్ డబ్బా నంబరుకు చేసి, తాతను తప్పకుండా గొంతు డాక్టరుకు చూపించమని చెప్పాను. డబ్బాతను, "ఎవలు? గట్టిగ మాట్లాడమ్మా," అని నాలుగుసార్లు అన్నాడు. నాలుగుసార్లు చెప్పాను.

తర్వాత వానలు పడ్డాయి, దసరా పోయింది. మేము గొంతు దాటి భుజాల మీదికి వచ్చాం.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద చప్పుడైంది. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో సంచి నిండా సీతాఫలాలు. ప్రజ్ఞాపూర్ మైకు తాత బిడ్డనని చెప్పింది. వచ్చీ రాగానే నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఫోన్ చేసిన చెల్లెవు నువ్వేనట గదా. నువ్వు చెప్పకపోతె మేం పోకపోదుము. ఇంక లేటైతె పాణమే పోతుండె అన్నడు డాక్టర్. గొంతుల గడ్డ. ఆపరేషన్ చేసి తీసేసిన్రు."

"ఇప్పుడు ఎట్లున్నడమ్మా?" అన్నారు సార్.

"మంచిగనే ఉన్నడు సార్. తింటుండు, తిరుగుతుండు. కని మాట రాదు. గొంతు డబ్బ మొత్తం తీసేసిన్రు, గీడ బొంద పెట్టిన్రు, దానికెళ్ళే ఊపిరి తీస్తడు." తన మెడ కింద వేలు పెట్టి చూపింది. "తర్వాత ఏదో మిషిన్ పెడితె మాట్లాడొచ్చట. కని గది మిషిన్ గొంతు వస్తదట, మా బాపుది రాదట."

కింద గిర్ని ఆడుతోంది.

"అసలు సంగతి చెప్త. ఫోన్లన్ని దేవులాడినం. ఉన్నయన్ని ఫోటోలే. వీడియోలేమో అన్నీ బాపు తీసినయి, ఆయన ఒక్కదాంట్ల కనబడడు. మా తమ్ముని పెండ్లిది ఒకటున్నది. నోరు మెదుల్తది, డీజే సప్పుడుకు మాట ఇనబడది. ఆపరేషన్‌కు ముంగటనే గొంతు పోయింది, గుసగుస తప్ప ఏం లేకుండె, అప్పుడు తీసినా ఏం లాభం లేకపోవు. మా బాపు సైగ చేసిండు, మీ దగ్గర ఉన్నదని. మూడు రోజులు మాట్లాడిన, మిషిన్ల పట్టుకున్నదని. ఒక్కసారి ఇనిపియ్యున్రి సార్. నా ఫోన్ల ఎక్కిచ్చుకొని పోత."

సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. "అమ్మా... మా దగ్గర చీటీలున్నయి. మీ బాపు చెప్పిన ప్రతి మాట..."

"చీటీలేం జేసుకోవాలె సార్?"

ఆయన, ఆఫీసు పద్ధతి అని ఏదో అనబోయారు. అననిచ్చి ఉంటే నా పేరు బయటికి రాకుండానే అది గడిచిపోయేది. అప్పుడు నేను అన్నాను, నేనే చెరిపేశానని.

"ఆ?" అంది ఆమె. గిర్ని చప్పుడులో వినబడలేదు.

మళ్ళీ చెప్పడానికి ఉన్న బలమంతా తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే కింద ఎవరిదో పిండి అయిపోయి గిర్ని ఆగింది. "నేనే చెరిపేసిన అక్కా" అన్న నా అరుపు రెండు గదుల్లో మోగి, మెట్ల దాకా పోయింది. ఆపా టైపు చేయడం ఆపింది. నా జీవితంలో నేను అంత గట్టిగా మాట్లాడింది అదే.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నా చేతులు వదిలేసింది. సంచి బల్ల మీద పెట్టి, "పండ్లు రెండు రోజుల్ల పండుతయి," అని దిగిపోయింది.

ఆ సాయంత్రం ఆపా రికార్డరును పాత బస్టాండు దగ్గర తమ్ముడి మొబైల్ షాపుకు తీసుకుపోయింది. పోయిన ఫైళ్ళు ఒక్కోసారి వెనక్కి వస్తాయట. మర్నాడు వచ్చి తల అడ్డంగా ఊపింది. "తాత ఉన్న జాగల గొర్రెలొచ్చి కూసున్నయమ్మా. దాని మీదనే ఎక్కినయట." నవ్వబోయి ఇద్దరం నవ్వలేకపోయాం.

సార్ ఆ రోజు చీటీలేవీ చూడలేదు. పోయే ముందు గోడ వైపు చూస్తూ చెప్పారు. "మా అవ్వ ఇసుర్రాయి పాట ఒక క్యాసెట్ల ఉండె. దాని మీద నేనే ఎడ్ల పేర్లు రికార్డు చేసిన. చీటీలు మంచిగొచ్చినయి." అంతే, గొడుగు తీసుకుని దిగిపోయారు. ఆయనంటే నాకు అప్పటిదాకా భయంతో కూడిన గౌరవం. ఆ రోజు నుంచి ప్రేమ.

నా దగ్గర మిగిలినవి డైరీలు. ఆ మూడు మంగళవారాలూ తిరుగు బస్సులో, సిద్దిపేట వచ్చేదాకా, నేను ఆపకుండా రాసుకుంటూనే ఉన్నాను. అవి చీటీలకు పనికిరాని సంగతులు: ఎవరిని ఏమని ఆట పట్టించాడు, ఏ జీపుకు ఎట్లా పిలిచాడు, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు. ఒక పేజీలో ఇట్లా ఉంది: 'మూడుసార్లు అంటాడు. మొదటిది పొట్టిది, రెండోదీ పొట్టిదే. మూడోదాన్ని లారీ మలుపు తిరిగేంతసేపు లాగుతాడు. లాగేటప్పుడు కళ్ళు మూస్తాడు. చివరి అక్షరం వినబడదు, చేయి దించుతాడు, అదే చివరి అక్షరం. ఒక గుక్క. అప్పుడు వేలు లేస్తుంది.'

ఆపా అది చదివి, "పోదాం నడువు," అంది.

సార్ కూడా వస్తానన్నారు. తాత ఇల్లు ప్రజ్ఞాపూర్ నుంచి జగదేవ్‌పూర్ పోయే దారిలో ఒక ఊళ్ళో. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ తెల్లటి పలచని గుడ్డ. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుడ్డ కొంచెం కదులుతోంది. పక్కన స్టీలు గ్లాసు, చెంచా. ఏదైనా కావాలంటే గ్లాసు మీద కొడతాడు. బిడ్డ కొంచెం దూరంలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూసి కుర్చీలు వేసింది, మళ్ళీ పోయి చాట అందుకుంది.

సార్ మంచం పక్కన నిలబడి చేతులు జోడించారు. "తప్పు మాదే. మాటలు దాచుకున్నం, మనిషి గొంతు దాచలేదు." తాత ఆ చేతులు పట్టి కిందికి దించి, కుర్చీ వైపు చూపాడు. నన్ను చూసి చెప్పుల వైపు వేలు పెట్టి నవ్వాడు. చప్పుడు లేని నవ్వు. భుజాలు మాత్రం కదిలాయి.

డైరీ తీశాను. చదవడం మొదలుపెట్టాను.

టంగ్. చెంచా గ్లాసు మీద పడింది.

"గట్టిగ అంటున్నడు," అంది బిడ్డ తల ఎత్తకుండా.

గొంతు పెంచాను. టంగ్. ఇంకా పెంచాను. టంగ్, టంగ్. ఆపా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కింటి గోడ మీదుగా ఒక తల లేచింది. నేను లేచి నిలబడి చదివాను. గంపామె మాట చదివాను, 'నా గొంతుల కూసో అవ్వా' అన్నది చదివాను. గోడ మీది తల నవ్వింది. తాత ఒక వేలుతో, ఆగు, అన్నట్టు చేసి, జవాబుకు ముందు ఎంతసేపు ఊరుకోవాలో చూపించాడు. నవ్వుకు ముందు ఖాళీ ఉండాలట. మళ్ళీ చదివాను. ఈసారి గోడ మీద రెండు తలలు నవ్వాయి.

తర్వాత ఆ పేజీ వచ్చింది. పిలుపు పేజీ. రాసింది చదివితే సరిపోదని అర్థమైంది. కళ్ళు మూసుకుని పిలిచాను. "జగ్దేపూర్, జగ్దేపూర్, జగ్దేపూ..." మధ్యలోనే ఊపిరి అయిపోయి దగ్గు వచ్చింది.

చెంచా కొట్టలేదు. తాత తన బొడ్డు మీద చేయి పెట్టి చూపిస్తున్నాడు, అక్కడి నుంచి అని. నాకు రాలేదు. ఇంకోసారి పిలిచినా రాలేదు.

"గట్ల కాదు చెల్లె," అంది బిడ్డ. చాట పక్కన పెట్టింది. ఒళ్ళో పడిన ఆకు ముక్కలు దులుపుకుంది. "నువ్వు చివరకు గుంజుతున్నవు. మా బాపు మూడోదాన్ని ముందట్నుంచే గుంజుకుంట పోతడు. చిన్నప్పుడు బడి ఇడువంగనే నేను చౌరస్త మీదికెళ్ళే వస్తుంటి. రోజు ఇన్న."

లేచి వాకిలి మధ్యలోకి వచ్చింది. తండ్రి వైపు చూడలేదు, రోడ్డు వైపు తిరిగింది.

"జగ్దేపూర్, జగ్దేపూర్, జగ్దేపూ..."

అది ఆడమనిషి గొంతే. అందులో బెల్లం పాకం లేదు. కానీ ఆ పొడుగు ఆయనది, ఎక్కే తీరు ఆయనది, చివర చేయి దించడం ఆయనది. కరెంటు స్తంభం, చాయ్ డబ్బా నాకు కనబడ్డాయి. సార్ తల వంచుకున్నారు. తాత చేతిలో చెంచా గ్లాసు మీద పడబోయి గాల్లోనే ఆగింది. మెడ మీది గుడ్డ గబగబా కదిలింది.

ఆమె తిరిగి చూసి, "తప్పు పోయిందా బాపు?" అని అడిగింది.

ఆయన చెంచా మంచం మీద పెట్టేశాడు. లేదు, అని తల ఊపాడు. మళ్ళీ అను, అని చేత్తో చెప్పాడు.

నాలుగుసార్లు అంది. రికార్డరు నడుస్తూనే ఉంది, సార్ ఎప్పుడు నొక్కారో నేను చూడలేదు. మర్నాడు ఆయనే పెన్‌డ్రైవ్ కొనుక్కొచ్చి, దారంతో ఈ డబ్బాకు కట్టారు. "గిది నువ్వు ముందే అనుకున్నవంట గదా, ఆపా చెప్పింది. చెప్పకపోతివి బిడ్డా," అన్నారు. నేను ఆ పిలుపుకు చీటీ రాసి ముందు పెడితే చదివి, పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. "దీనికి టిక్కు పెట్టేతందుకు నేనెవ్వన్ని?"

అందుకే దానికి ఎర్ర సిరా లేదు. పెన్‌డ్రైవ్‌ను దారం నుంచి విప్పకండి. ఊరి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ ముందు అందులో వేయండి, తర్వాత చీటీ రాయండి. వాక్యం దొరికితే సంబరపడండి, కానీ ఆ వాక్యం ఏం చెబుతోందో చెప్పిన మనిషిని తిరిగి అడగండి. మీకు ఏదైనా తోస్తే సార్ బల్ల దాకా పోయి వెనక్కి రాకండి. గిర్ని ఆడుతుంటే ఆగేదాకా ఉండి చెప్పండి.

తాత ఇంటికి పోయిన రోజు సంగతి ఇంకొకటి మిగిలింది. మేము తిరిగి వచ్చేటప్పుడు ఇంటి ముందు ఆటో ఆపాం. అప్పటికే ఆటో నిండి ఉంది, డ్రైవరు పక్కన కూడా ఇద్దరు. సార్‌నూ ఆపానూ ఎట్లాగో ఇరికించారు. నాకు చోటు లేదు. నేను తర్వాతి దాంట్లో వస్తానన్నాను, ఎప్పటిలా ఎవరికీ వినబడకుండా. డ్రైవరు గేరు వేశాడు.

తాత గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మెడ గుడ్డ సర్దుకున్నాడు. చూపుడు వేలు పైకెత్తాడు.

డ్రైవరు ఆటో ఆపాడు. లోపల అందరూ నోరెత్తకుండా జరిగారు. నాకు జాగ దొరికింది.